సార్జెంటు, సుబేదారు: వలస సైన్యంలో మధ్యమెట్టు

మన చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలు చేసేవాళ్ళు ఇద్దరే. ఒకడు గుర్రమెక్కి కత్తి చూపించే సేనాపతి. రెండోవాడు పేరులేని సిపాయి. సేనాపతికి విగ్రహం దొరుకుతుంది, సిపాయికి అప్పుడప్పుడు ఒక కన్నీటిబొట్టు దొరుకుతుంది. ఈ ఇద్దరి మధ్యా నిలబడి, పైవాడి మాటను కిందివాడి చేత చేయించిన మూడోవాడి గురించి చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. రచయితలు పట్టించుకున్నా అతన్ని మీసాలు మెలేసే హాస్యపాత్రగానో, లాఠీ పట్టిన రాక్షసుడుగానో చూపించి వదిలేశారు. ఇంగ్లీషు పదాతిదళంలో అతని పేరు సార్జెంటు. మన దేశంలోని వలస సైన్యంలో హవల్దారు, జమేదారు, సుబేదారు.

ఏ దోపిడీ వ్యవస్థా పైనున్న కొద్దిమంది బలంతో నిలవదు. పీడితులలోనుంచే కొందరిని ఎంచి, ఒక మెట్టు పైకెక్కించి, వాళ్ళ చేత మిగిలినవాళ్ళను అదుపులో పెట్టించడం ద్వారానే నిలుస్తుంది. ఆ మెట్టు మీద నిలబడినవాడి బతుకేమిటి? అతనికి దక్కిన గౌరవమెంత, దక్కనిదెంత? చరిత్ర మలుపు తిరిగిన రోజున అతను ఎటువైపు నిలబడ్డాడు? వలస పాలన మన గడ్డమీద ఎలా వేళ్ళూనిందో, ఎక్కడెక్కడ కదిలిందో తెలుసుకోవాలంటే ఈ ప్రశ్నలు వేసుకోక తప్పదు.

1. గొడ్డలి బల్లెం పట్టినవాడు

సార్జెంటు అనే మాటకు లాటిన్ మూలంలో సేవకుడని అర్థం. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు సైన్యాన్ని చూస్తే ఆ మాట ఎంత సరిపోయిందో తెలుస్తుంది. అప్పట్లో పదాతిదళంలో అధికారి కావాలంటే ప్రతిభ అక్కరలేదు, డబ్బుంటే చాలు. ఉద్యోగాలను బహిరంగంగా కొనేవారు, అమ్మేవారు. భూస్వాముల కొడుకులు, ధనవంతుల కొడుకులు పదహారు పదిహేడేళ్ళకే అధికారులయ్యేవారు. ఈ క్రయవిక్రయాలు 1871లో గాని రద్దు కాలేదు. కింద సిపాయిలుగా చేరినవాళ్ళు పొలం పోగొట్టుకున్న కూలీలు, పని దొరకని నేతగాళ్ళు, ఆకలికి తాళలేని ఐర్లండు రైతుబిడ్డలు. అంటే పైన ఒక వర్గం, కింద మరొక వర్గం. మధ్యలో భాష సైతం కలవదు.

ఈ రెంటినీ కలిపి కుట్టినవాడు సార్జెంటు. అతను కింది వర్గంనుంచి వచ్చినవాడే. సిపాయిగా చేరి, ఏళ్ళతరబడి పనిచేసి, పైకి వచ్చినవాడు. పటాలంలో ప్రతి మనిషి పేరూ అతనికి తెలుసు. ఎవడు తాగుతాడు, ఎవడు పారిపోయే రకం, ఎవడి బూటు చిరిగింది, ఎవడి జీతం ఎంత బకాయి పడింది, అన్నీ అతని పుస్తకంలో ఉంటాయి. అధికారికి కవాతు మైదానంలో వరసలు మాత్రమే కనిపిస్తాయి, సార్జెంటుకు ఆ వరసల్లోని మనుషులు కనిపిస్తారు.

ఇక్కడ రచయితలు గమనించవలసిన విషయం ఒకటుంది. సార్జెంటు కావాలంటే చదవడం, రాయడం, లెక్కలు రావాలి. హాజరు పట్టీ, జీతాల పట్టీ, ఆ రోజు హుకుముల పుస్తకం, అన్నీ రాతపనులే. అందుకని 1812 ప్రాంతంలోనే ఇంగ్లండు సైన్యం బెటాలియన్లలో సార్జెంటు హోదాతో బడిపంతుళ్ళను నియమించింది. దేశంలో పేదలకు బడి లేని రోజుల్లో సైన్యంలో బడి పెట్టడం దయతో చేసిన పని కాదు. అక్షరం వచ్చిన కాపలాదారు లేకుండా ఆ యంత్రం నడవదు.

అతని ఆయుధం చూస్తే అతని పని ఏమిటో ఇంకా స్పష్టమవుతుంది. 1792 దాకా పదాతిదళ సార్జెంటు చేతిలో హాల్బర్డు అనే పొడుగాటి గొడ్డలి బల్లెం ఉండేది. తరువాత దాని స్థానంలో మామూలు బల్లెం వచ్చింది. అదీ 1830 దాకా ఉంది. తుపాకుల కాలంలో బల్లెమెందుకు? యుద్ధంలో సార్జెంటు తరచుగా వరసల వెనక నిలబడేవాడు. చెదిరిన వరసను ఆ బల్లెంతో సరిచేయాలి, వెనక్కి తిరిగినవాణ్ణి ముందుకు నెట్టాలి. అంటే ఆ మొన శత్రువు కోసం ఎంతో, తనవాళ్ళ కోసమూ అంత. శిక్ష వేసే రోజున ఆ హాల్బర్డులనే ముక్కాలి పీటలాగా కట్టి, దానికి సిపాయిని బిగించి కొరడాతో కొట్టేవారు. ఇంగ్లండు సైన్యంలో కొరడా శిక్ష శాంతికాలంలో 1868లోనూ, పూర్తిగా 1881లోనూ రద్దయింది. సార్జెంటు హోదాకు గుర్తయిన ఆయుధమే అతని సోదరుడి వీపుకు శిక్షాస్తంభమయింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ మెట్టు ఒక నిచ్చెనగా పెరిగింది. 1813లో కలర్ సార్జెంటు హోదా వచ్చింది. యుద్ధంలో జెండాకు కాపలా ఉండటం అతని గౌరవం. బెటాలియను మొత్తానికి ఒక సార్జెంటు మేజరు, సరుకులకు క్వార్టర్‌మాస్టర్ సార్జెంటు ఉండేవారు. 1881లో సార్జెంటు మేజరుకు వారంటు ఆఫీసరు హోదా ఇచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, 1915లో, కంపెనీ సార్జెంటు మేజర్లకు రెండో తరగతి వారంటు ఇచ్చారు. సిపాయిలు అతన్ని ‘సర్’ అనాలి, అధికారులు అతన్ని ‘మిస్టర్’ అంటారు. అయితే అధికారుల భోజనశాలలో అతనికి చోటు లేదు. సార్జెంట్లకు వేరే భోజనశాల. కొత్తగా వచ్చిన కుర్ర అధికారికి కవాతు నేర్పేది సార్జెంటే, నేర్పిన మరుక్షణం అతనికి సలాము కొట్టేదీ సార్జెంటే.

ఈ గీత దాటినవాళ్ళు లేకపోలేదు. స్కాట్లండులో చిన్న రైతు కొడుకు హెక్టర్ మెక్‌డొనాల్డ్ కలర్ సార్జెంటుగా అఫ్ఘన్ యుద్ధంలో పేరు తెచ్చుకొని, 1880లో అధికారి అయి, మేజర్ జనరల్ దాకా ఎదిగాడు. 1903లో పారిస్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. గుర్రపు దళంలో సిపాయిగా చేరిన విలియం రాబర్ట్‌సన్ 1920లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఇలాంటివాళ్ళ కథలను పాలకవర్గం శ్రద్ధగా ప్రచారం చేసింది. తలుపు మూసి ఉన్నదని జనం గుర్తించకుండా ఉండాలంటే ఎప్పుడో ఒకసారి ఒకణ్ణి లోపలికి రానివ్వాలి గదా!

2. తిలంగాలు

ఇదే యంత్రాన్ని ఈస్టిండియా కంపెనీ, మనవాళ్ళ మాటల్లో కుంపిణీ, మన దేశానికి తెచ్చింది. అందులో మొట్టమొదట నలిగినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. దక్షిణాదిన ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ సిపాయిలను పోగుచేసి ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పారు. మద్రాసునుంచి క్లైవు వెంట బెంగాలు వెళ్ళి 1757లో ప్లాసీలో పోరాడిన సిపాయిలు దక్షిణాదివాళ్ళే. వాళ్ళను బెంగాలులో, ఉత్తర హిందుస్థానంలో ‘తిలంగాలు’ అన్నారు. తెలింగాణ్యం మనిషి అనే మాట, ఎర్రకోటు తొడిగిన సిపాయి అనే అర్థానికి మారిపోయింది. సరిగ్గా వందేళ్ళ తరువాత, 1857లో, మీరట్టునుంచి ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలను ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు. వాళ్ళలో ఎక్కువమంది అవధ్ రైతుబిడ్డలు, తెలుగు ముక్క తెలియనివాళ్ళు. మన జాతి పేరు ఒక కూలి సైనికుడి పేరుగా దేశమంతా తిరిగిందన్నమాట.

కుంపిణీ పటాలంలో హోదాల పేర్లు చూడండి. అన్నిటికంటే కింది మెట్టు నాయక్. కాకతీయుల నాయంకర వ్యవస్థలో కోటలేలిన నాయకుడి బిరుదు కుంపిణీ కొలువులో నలుగురైదుగురు సిపాయిల పెద్దకు మిగిలింది. అతని మీద హవల్దారు, అప్పగించిన పని చూసేవాడు. ఇతనే ఇంగ్లీషు సార్జెంటుకు సమానుడు. ఆ పైన జమేదారు, జమాతుకు పెద్ద. అందరికంటె పైన సుబేదారు. మొగలాయీలో సుబేదారంటే ఒక రాష్ట్రానికి పాలకుడు. హైదరాబాదు రాజ్యం స్థాపించిన నిజాముల్ముల్కు దక్కనులోని ఆరు సుబాలకు సుబేదారు. అదే మాట కుంపిణీ సైన్యంలో ఒక కంపెనీ సిపాయిలకు పెద్ద అయి, నిన్నగాక మొన్న ఓడ దిగిన తెల్లకుర్రవాడి ముందు అటెన్షన్‌లో నిలబడింది. రాజ్యాలెలా పడిపోయాయో తెలుసుకోవడానికి యుద్ధాల జాబితా కంఠస్థం చేయనక్కరలేదు, ఈ మాటల గతి చూస్తే చాలు.

మొదట్లో పరిస్థితి ఇంత హీనంగా లేదు. తొలినాళ్ళ పటాలాల్లో కమాండెంటు స్థాయికి చేరిన భారతీయులున్నారు. అందరిలో పేరుపడినవాడు యూసుఫ్ ఖాన్. కుంపిణీకే యుద్ధాలు గెలిచిపెట్టి, చివరికి కుంపిణీకే ఎదురు తిరిగి, 1764లో మదురలో ఉరికంబమెక్కాడు. ఆ తరువాత కుంపిణీ భారతీయుడి చేతికి దళాన్ని అప్పగించడానికి భయపడింది. 1796 సంస్కరణలతో ప్రతి బెటాలియనులోనూ తెల్ల అధికారుల సంఖ్య బాగా పెంచారు. సుబేదారు పేరుకు అధికారి. ఆచరణలో అతను ఎంతటి వృద్ధుడైనా, ఎన్ని యుద్ధాలు చేసినా, అందరికంటె చిన్న తెల్ల అధికారికి లోబడవలసినవాడే. పైగా ప్రతి నేటివ్ బెటాలియనుకూ ఒక తెల్ల సార్జెంటు మేజరును, ఒక తెల్ల క్వార్టర్‌మాస్టర్ సార్జెంటును తెచ్చిపెట్టారు. ఇంగ్లండులో అధికారుల గడప తొక్కలేని సార్జెంటు ఇక్కడికి రాగానే తెల్లతోలు పుణ్యమా అని సుబేదారు కన్ను దించుకోవలసిన మనిషయ్యాడు.

అక్కడ ఒకటిగా ఉన్న మధ్యమెట్టును ఇక్కడ రంగును బట్టి రెండుగా చీల్చారు. ఇంగ్లీషు సార్జెంటును పీడించింది వర్గభేదం. సుబేదారును పీడించింది వర్గభేదం మీద పెట్టిన జాతిభేదం.

3. విశాఖ, వెల్లూరు

ఈ మెట్టు మొదటినుంచీ గట్టిగా లేదు. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో ఉన్న సర్కారు సిపాయిలను హైదరాలీ మీద యుద్ధానికి ఓడలో మద్రాసు వెళ్ళమన్నారు. వాళ్ళు ఎక్కం పొమ్మన్నారు. ఓడరేవులోనే తుపాకులు పేలాయి. కొందరు ఆంగ్లేయులు చచ్చిపోయారు. తెలుగు తీరంలో కుంపిణీ సిపాయిలు ఆయుధం తిప్పిన తొలి ఘటనల్లో ఇదొకటి. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పంక్తి కూడా అరుదు.

అసలు పరీక్ష 1806లో వెల్లూరులో వచ్చింది. మద్రాసు సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ హయాంలో కొత్త నిబంధనలు వచ్చాయి. నుదుట బొట్టు, విభూతి ఉండకూడదు. చెవిపోగులు తీసేయాలి. గడ్డం గీయాలి, మీసం ఒకే కొలతలో ఉండాలి. టోపీని తలపించే కొత్త తలపాగా పెట్టుకోవాలి. మే నెలలో వెల్లూరులో ఒక పటాలం తలపాగా పెట్టుకోనన్నది. ఇద్దరికి తొమ్మిదేసి వందల కొరడా దెబ్బలు శిక్ష వేశారు.

ఆ తరువాత జరిగినదాన్ని మనం జాగ్రత్తగా చూడాలి. ముస్తఫా బేగ్ అనే సిపాయి కుట్ర జరుగుతోందని కర్నల్ ఫోర్బ్స్‌కు చెప్పాడు. కర్నల్‌కు ఆ సిపాయి మాట నిజమో కాదో తెలియదు. తన పటాలంలో ఏం జరుగుతున్నదో తెలుసుకొనే దారి అతనికి ఒక్కటే, సుబేదార్లూ జమేదార్లూ. విచారించమని వాళ్ళకే అప్పగించాడు. కుట్రలో ఉన్నది వాళ్ళే. ముస్తఫా బేగ్‌కు పిచ్చి పట్టిందని తేల్చి చెప్పారు. అతన్ని సంకెళ్ళతో కట్టేశారు. పాలకుడికి కన్నూ చెవీ అయిన మధ్యమెట్టు ఒక్కసారి అటు తిరిగితే పాలకుడు ఎంత గుడ్డివాడవుతాడో ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

జూలై 10 తెల్లవారుజామున సిపాయిలు కోటను పట్టుకున్నారు. కమాండెంటు ఫ్యాన్‌కోర్ట్‌తో సహా తెల్ల అధికారులు పలువురు చనిపోయారు. 69వ ఇంగ్లీషు పటాలంలో మిగిలినవాళ్ళు కోటగోడ మీద ఒక మూల చేరారు. అధికారులంతా చచ్చో గాయపడో ఉన్నారు. ఆ గుంపును నిలబెట్టి ఉంచినవాడు బ్రాడీ అనే సార్జెంటు. ఆర్కాటునుంచి గుర్రపుదళంతో వచ్చిన కర్నల్ గిలెస్పీని తాడుతో గోడమీదికి లాగిందీ ఈ గుంపే. మధ్యాహ్నానికల్లా కోట తిరిగి ఇంగ్లీషువాళ్ళ వశమయింది. వందలమంది సిపాయిలు హతమయ్యారు. విచారణల తరువాత కొందరిని ఫిరంగి మూతులకు కట్టి పేల్చారు, కొందరిని కాల్చారు, కొందరిని ఉరితీశారు. వాళ్ళలో సుబేదార్లు, జమేదార్లు ఉన్నారు. ముస్తఫా బేగ్‌కు రెండు వేల వరహాలు, సుబేదారు పింఛను బహుమతిగా ఇచ్చారు. ఆ హోదాకు కుంపిణీ కట్టిన వెల ఎలాంటిదో ఈ బహుమతి చెబుతుంది.

ఒకే కోటలో ఆ రాత్రి మధ్యమెట్టు రెండు విధాలుగా పనిచేసింది. తెల్ల సార్జెంటు, పైవాళ్ళు లేకపోయినా సామ్రాజ్యాన్ని మోశాడు. భారతీయ సుబేదారు, పైవాళ్ళు ఉండగానే దాన్ని దింపబోయాడు. ఇది రక్తంలోనో జాతిలోనో ఉన్న గుణం కాదు. బ్రాడీ కాపాడినది, తనను తక్కువగా చూసినా, తన దేశపు జెండానే. సుబేదారుకు అట్లాంటి జెండా లేదు. అతనికి ఉన్నదల్లా జీతం, పింఛను ఆశ, నుదుటి బొట్టు, గడ్డం. వాటిమీద చేయి పడేసరికి అతన్ని కుంపిణీకి కట్టిన దారం తెగిపోయింది.

ఆ వేడి సికింద్రాబాదు పటాలాలకూ తగిలింది. అక్కడి కమాండరు మాంట్రెసర్ ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకొని గండం గడిపాడు. క్రాడక్‌ను, గవర్నరు బెంటింక్‌ను 1807లో వెనక్కి పిలిచారు. ఆ బెంటింకే తరువాత గవర్నరు జనరలై 1835లో సిపాయిలకు కొరడా శిక్ష రద్దు చేశాడు. పదేళ్ళకే, 1845లో, దాన్ని మళ్ళీ తెచ్చారు.

4. 1857: అటా, ఇటా?

1857లో బెంగాలు సైన్యంలోని సుబేదార్లు పలువురు తిరుగుబాటుకు నాయకులయ్యారు. బరేలీలో ఫిరంగిదళపు సుబేదారు బఖ్త్ ఖాన్ దశాబ్దాలపాటు కుంపిణీని సేవించినవాడు. ఆ సేవలో సుబేదారు దాటి పైకి పోలేదు. ఢిల్లీలో సిపాయిల సైన్యానికి సేనాధిపతి అయ్యాడు. తెల్లదొర కొలువులో దొరకని మెట్టు అతనికి తిరుగుబాటులో దొరికింది.

దక్కనులో కథ వేరు. హైదరాబాదు కంటింజెంటుకు చెందిన జమేదారు చీదా ఖాన్ కొద్దిమంది మనుషులతో తిరుగుబాటు చేసి హైదరాబాదు చేరాడు. సాలార్‌జంగు అతన్ని పట్టించి రెసిడెంటుకు అప్పజెప్పాడు. ఆ ఖైదీలను విడిపించాలనే 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కోఠీ రెసిడెన్సీ మీద పడ్డారు. అంటే హైదరాబాదు నగరపు 1857 ఒక జమేదారు అరెస్టుతో రాజుకుంది. కాని రెసిడెన్సీని కాపాడిన మద్రాసు పటాలాల్లో ఏ సుబేదారూ కదలలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. మౌల్వీ అండమానులో ప్రాణం విడిచాడు.

మద్రాసు సైన్యం ఎందుకు కదలలేదు? ప్రభుభక్తి అని ఇంగ్లీషు చరిత్రకారులు రాసుకున్నారు. భౌతిక కారణాలు వెదికితే ఒకటి కనిపిస్తుంది. బెంగాలు సిపాయి కుటుంబం ఊళ్ళో ఉండేది. మద్రాసు సిపాయి పెళ్ళాంబిడ్డలతో పటాలం వెంటే తిరిగేవాడు. తిరుగుబాటు చేస్తే తను ఒక్కడే చావడు. వెల్లూరు జ్ఞాపకం కూడా అంత పాతది కాదు.

నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు, రొహిల్లాలు కలిసి చేసిన పోరాటాన్ని 1860లో అణచివేసినవాళ్ళూ ఇలాంటి పటాలాల సిపాయిలే. వెయ్యిమందిని ఉరితీశారని జనం చెప్పుకొనే ‘వెయ్యి ఉరుల మర్రి’ కథను మన జిల్లాలో వినని పిల్లవాడుండడు. ఆ ఉరితాళ్ళు బిగించిన చేతులు తెల్లచేతులు కావన్నది మరిచిపోగూడదు.

ఈ సందిగ్ధం ఎంత క్రూరమైనదో సుబేదారు సీతారాం స్వీయచరిత్రగా 1873లో ఇంగ్లీషులో వెలువడిన పుస్తకం చెబుతుంది. దాన్ని నార్గేట్ అనే అధికారి అనువదించాడు. మూలప్రతి విషయంలో పండితులకు అనుమానాలున్నాయి. నలభై ఎనిమిదేళ్ళు కొలువు చేసి, ముసలితనంలో సుబేదారైన సీతారాం 1857లో కుంపిణీ పక్షానే ఉన్నాడు. కాల్చిచంపడానికి తెచ్చిన తిరుగుబాటుదార్లలో తన కన్నకొడుకు ఉన్నాడు. కాల్చే దళానికి నాయకత్వం వహించే వంతు తనదే. అధికారిని వేడుకొని ఆ పని తప్పించుకున్నాడు గాని, కొడుకు చావు తప్పలేదు. మధ్యమెట్టు మీది మనిషి బతుకంతా ఆ ఘట్టంలో ఉంది.

5. మూసిన తలుపు, తెరిచిన తలుపు

అయితే ఈ మెట్టును సంకెలగా మాత్రమే చూస్తే సగమే చూసినట్లు. మద్రాసు సైన్యంలోనూ, బొంబాయి సైన్యంలోనూ అంటరానివారిగా ఊరవతల ఉంచిన కులాలవాళ్ళు సిపాయిలుగా చేరారు. ఊళ్ళో బావిదగ్గరికి రానివ్వని మనిషికి పటాలంలో తుపాకి ఇచ్చారు, చేతిమీద పట్టీలు కుట్టారు, పలక ఇచ్చారు. బొంబాయి సైన్యంలో సుబేదారైన రాంజీ సక్పాల్ సైన్యపు బడిలో పంతులుగా పనిచేశాడు. మహూ కంటోన్మెంటులో 1891లో పుట్టిన అతని కొడుకే అంబేడ్కర్. సామ్రాజ్యం తన అవసరానికి నేర్పిన అక్షరం, సామ్రాజ్యమూ వర్ణవ్యవస్థా ఊహించని చోటికి చేరింది.

పాలకులు ఆ ప్రమాదాన్ని కనిపెట్టారో లేదో గాని, తలుపు మాత్రం మూశారు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం వచ్చింది. మద్రాసులోను, తరువాత దేశమంతటికీ సేనాధిపతిగా పనిచేసిన రాబర్ట్స్ దానికి పెద్ద దిక్కు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు వీరులట. దక్షిణాదివాళ్ళు పనికిరారట. మద్రాసు పటాలాలను ఒకటొకటిగా రద్దు చేశారు, తెలుగువాళ్ళను చేర్చుకోవడం తగ్గించి ఆపేశారు. మహార్లకూ ఇదే గతి పట్టింది. ఎవరి పేరు సిపాయి అనే మాటకే పర్యాయపదమయిందో, ఆ తిలంగాలు నూట పాతికేళ్ళలో పిరికిజాతి అయిపోయారు! శౌర్యం రక్తంలో పుట్టదు, పాలకుడి అవసరంలో పుడుతుందనడానికి ఇదే నిదర్శనం.

6. యూనిఫారం విప్పిన తరువాత

సుబేదారు, జమేదారు అనే మాటలు బారకాసులు దాటి ఊళ్ళమీద పడ్డాయి. నైజాములో అరబ్బు జమేదార్లు కూలి సైనికుల పెద్దలుగా ఉంటూ వడ్డీ వ్యాపారంతో సంపన్నులయ్యారు. పోలీసు ఠాణాలో జమేదారు, కచ్చేరిలో దఫేదారు, అడవిలో జంగ్లాత్ జవాను. ఆదిలాబాదు గోండుకూ కోలామూకూ రాజ్యమంటే ఉస్మానలీఖాను కాదు, గూడెంలోకొచ్చి కోడినీ మామూలునూ పట్టుకుపోయే ఈ చిన్న ఉద్యోగే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము చనిపోయిన తరువాత ప్రభుత్వం పంపగా ఇక్కడ పనిచేసిన హైమండార్ఫ్, చిన్న ఉద్యోగుల వెట్టినీ వసూళ్ళనూ వివరంగా రాశాడు. 1924 మేలో అల్లూరి సీతారామరాజును పట్టుకున్నవాడు ఈస్ట్ కోస్ట్ స్పెషల్ పోలీసు జమేదారు, కాల్పించినవాడు మేజర్ గూడాల్. చేతులు ఒకరివి, హుకుం ఇంకొకరిది.

పరిశ్రమలు వచ్చాక ఈ మెట్టు మిల్లుల్లోకీ గనుల్లోకీ నడిచింది. కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్ కావడానికి కారణమైన సిర్పూరు పేపరు మిల్లు 1938లో ఏర్పడి 1942లో కాగితం తీసింది. 2014లో మూతపడి 2018లో చేతులు మారి మళ్ళీ తెరుచుకుంది. యజమానులు మారినా పనిస్థలంలో మేస్త్రీ మారలేదు. కూలీలోనుంచి వచ్చి కూలీమీద నిలబడేవాడే మేస్త్రీ. మనకు దగ్గరలోని బెల్లంపల్లి, మందమర్రి బొగ్గుగనుల్లో ‘సర్దారు’ అనే హోదా ఉంది. షిఫ్టు మొదలుకాకముందే తన జిల్లాలోని పైకప్పునూ, గ్యాసునూ పరీక్షించే బాధ్యత చట్టం అతనిమీద పెట్టింది. ఉత్పత్తి పెంచమని పైవాడు అంటాడు, కప్పు బాగాలేదని కిందివాడు అంటాడు. సర్దారు మధ్యలో ఉంటాడు.

ఈ మధ్యవాడు కదిలితే ఏమవుతుందో 1946 చూపించింది. ఫిబ్రవరి 18న బొంబాయిలో ‘తల్వార్’ నావికుల సమ్మె మొదలయింది. సమ్మె సంఘానికి ఎన్నికైన ఎం. ఎస్. ఖాన్ లీడింగ్ సిగ్నల్‌మన్, మదన్ సింగ్ పెట్టీ ఆఫీసరు. నౌకాదళంలో వీళ్ళు సరిగ్గా ఆ మధ్యమెట్టు మనుషులు. కరాచీ, మద్రాసు, విశాఖపట్నం దాకా సమ్మె పాకింది. నూట నలభై ఏళ్ళనాడు వెల్లూరు సుబేదారుకు లేని జెండా ఈసారి వీళ్ళకు ఉంది. అదే తేడా.

స్వతంత్రం వచ్చింది. వలస సైన్యపు నిచ్చెనను పెద్దగా కదిలించకుండానే తీసుకున్నాం. వైస్రాయి కమిషన్డ్ ఆఫీసరు జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు అయ్యాడు. 1965లో జమేదారును నాయబ్ సుబేదారు అన్నారు. పేరు మారింది, అధికారికీ సిపాయికీ మధ్య అతను నిలబడే చోటు మారలేదు.

7. మన పని

మన కథల్లో జమేదారు, మేస్త్రీ, దొరగారి జీతగాడు కొరడా పట్టుకొని కనిపిస్తారు. పాఠకుడు అతన్ని అసహ్యించుకుంటాడు. కథ ముగిసేసరికి అతనికి దెబ్బలు పడితే సంతోషిస్తాడు. తప్పు లేదు, కొరడా అతని చేతిలోనే ఉంది. కాని అసహ్యమంతా అతని దగ్గరే ఆగిపోతే, కొరడా చేయించినవాడు ఏ మచ్చా లేకుండా కథలోనుంచి నడిచి వెళ్ళిపోతాడు. ఇది రచయిత తెలియక యజమానికి చేసే సేవ.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటుంది. అతనూ పీడితుడే గదా అని జాలి చూపి, అతను చేసినదాన్నంతా మాఫీ చేయడం. వెయ్యి ఉరుల మర్రి కింద తాడు లాగినవాడికి ఆకలి ఉంది, నిజమే. ఉరిపడినవాడికీ ఆకలి ఉంది. ఒకే ఆకలి ఇద్దరినీ రెండు వైపులకు ఎలా నడిపిందో చూపించగలిగితేనే అది వాస్తవికత అవుతుంది. ముల్క్‌రాజ్ ఆనంద్ మొదటి ప్రపంచయుద్ధపు ఫ్రాన్సు భూముల్లో నలిగిన పంజాబు సిపాయిల మీద నవల రాశాడు. తెలుగు సిపాయి మీద, హవల్దారు మీద ఆ స్థాయి నవల మనకు రావలసే ఉంది.

సామగ్రి లేదనడానికి వీల్లేదు. విజయనగరం, విశాఖ, బందరు, బళ్ళారి, సికింద్రాబాదు, ఇవన్నీ పటాలాలు తిరిగిన చోట్లు. పింఛను కాగితాలు, సమాధి రాళ్ళు, ఇంటిపేర్ల పక్కన మిగిలిపోయిన హోదాలు, తాతల గురించి ముసలమ్మలు చెప్పే మాటలు ఇంకా దొరుకుతాయి. సాహిత్య విద్యార్థులు అధికారుల జ్ఞాపకాలు చదివేటప్పుడు అందులో ఒక వాక్యంలో వచ్చి పోయే సుబేదారు దగ్గర ఆగాలి. అతను ఏ ఊరివాడు, ఎందుకు చేరాడు, ఎవరిమీద తుపాకి ఎత్తాడు, ఏ రోజున దించాడు అని అడగాలి.

దోపిడీ నిచ్చెనలో మధ్యమెట్టు బలమైనదిగా కనిపిస్తుంది. వెల్లూరులో, ఢిల్లీలో, బొంబాయి రేవులో ముందుగా కదిలింది అదే. అది ఎప్పుడు కదులుతుంది, ఎందుకు కదలదు అన్నది సైనిక చరిత్రకారులకు వదిలేయదగిన విషయం కాదు. మార్పు కోరే రచయితలు తేల్చుకోవలసిన విషయం.